మీటరు వెనక ముడి

"మళ్ళీ పోయిందండి!"

తడిసిన కొంగు పిండుకుంటూ షెడ్డు గుమ్మంలో నిలబడింది లోవలక్ష్మి. ఆమెను చూడగానే పైడిరాజు మొహంలోకి వచ్చిన కళ, ఆ మాటతో పోయింది.

"హెడ్‌లైట్లు వెలుగుతున్నాయా?"

"అయ్యి ఎలుగుతన్నాయి. మీటరు కాడే సీకటి. స్పీడెంతో తెలీదు, ఇంజిన్ ఏడెక్కిందో లేదో తెలీదు. మీరేమో బాగయిపోయింది ఎళ్ళండంటారు. అచ్యుతాపురం దాటకుండానే ఆరిపోద్ది."

అనకాపల్లి బైపాస్ పక్కన, రేకుల షెడ్డులో ఆటో ఎలక్ట్రీషియన్ పని అతనిది. రాంబిల్లి నుంచి తనే నడుపుకుంటూ చేపలు తెచ్చి ఇక్కడ అమ్ముకునే పాత వ్యాను ఆమెది. కొన్నది ఆమె భర్త పరదేశి. కిందటేడు సముద్రంలో వేటకెళ్ళిన పరదేశి తిరిగి రాలేదు.

"కూర్చోండి. టీ చెప్తాను."

"టీలు తాగడానికి రాలేదండి. మార్కెట్లో ఆడోళ్ళు ఏటంటన్నారో తెలుసా? 'ఆ మేస్త్రి లైటు బాగు సెయ్యడే, నిన్ను సూడ్డానికి ఆడే ఆర్పేత్తన్నాడే' అని నవ్వుతన్నారు."

"మీరూ అలాగే అనుకుంటున్నారా?"

లోవలక్ష్మి వ్యాను వైపు తిరిగింది. రేకుల మీద వాన మోత ఎక్కువైంది. వ్యానులో నిద్రపోతున్న కూతురు శ్రావ్యను ఒళ్ళో పెట్టుకుని, అత్త కొర్లమ్మ అద్దంలోంచి ఇటే చూస్తోంది.

"నిన్న లారీ ఒకటి మా మీదికొచ్చేసింది," లోవలక్ష్మి గొంతు తగ్గింది. "మా ఎనకాల లైట్లు కూడా ఎలగట్లేదంట. ఆ లారీ డ్రైవరు దిగి తిట్టేడు. నా పిల్ల లోపలుందండి. రాత్రంతా దాని ఊపిరి సూసుకుంటా కూకున్నాను. ఈసారి కూడా బాగవ్వకపోతే బండి అమ్మేద్దారంటంది అత్త. బండి పోతే నాకు కూడు లేదు, ఈ ఊరూ లేదు."

ఈ ఊరూ లేదు. అంటే ఇక రాదు.

పైడిరాజు టెస్ట్ లాంపు తీసుకుని వ్యాను తలుపు తెరిచాడు. మాడిపోయిన ఫ్యూజు పీకి, ఆ చోట లాంపు తగిలించాడు. స్విచ్ వేస్తే లాంపు భగ్గున వెలిగింది.

"మీటరు లైట్లకీ వెనక లైట్లకీ ఒకటే ఫ్యూజు. ఈ లాంపు ఇంతలా వెలిగిందంటే ఎక్కడో వైరు ఇనుముకి తగిలి షార్టవుతున్నట్టే. అది ఎక్కడో..." ఆగాడు. "నాకు మొదటిరోజే తెలుసండి."

"తెలుసా!"

"లోపలికి చెయ్యి పెట్టి ఆ వైరు కదపండి."

లోవలక్ష్మి వంగి, మీటరు వెనక్కి చెయ్యి పోనిచ్చింది. కదిపితే లాంపు ఆరింది. వదిలితే వెలిగింది. వేళ్ళకి వైరు కాదు, గరుగ్గా దారం తగిలింది. వల కుట్టే నైలాన్ దారం. దాని ముడి తడిమి చూసి, చెయ్యి అలాగే ఉంచేసింది.

డ్యాష్‌బోర్డు మీద నూకాలమ్మ పటం ముందు చిన్న ఎర్ర బల్బు పెట్టింది పరదేశే. మీటరు వైరుకి కలిపి, టేపు బదులు చేతికందిన దారంతో బిగించేశాడు. మొదటిసారి వచ్చినప్పుడు ఆమే చెప్పింది: మా ఆయన పెట్టింది, దాని జోలికెళ్ళకండి.

"దారం మీదే టేపు చుట్టేను. తడికి ఊడిపోతోంది. కోసేసి కొత్తగా కలిపితే అయిపోయేది. మీకు చెప్తే పాప కోసం కోసేయమనేవారు. ఆయన కట్టిన ముడి నా చేత్తో కొయ్యలేకపోయేను. వెనక లైట్లు కూడా పోతాయని తెలిసి ఊరుకున్నాను చూడండి, అది నా తప్పు. పాప లోపలుందని తెలిసి కూడా..." అతను నిద్రపోతున్న శ్రావ్య వైపు చూశాడు. "మీరు రావాలని రోజూ అనుకునేవాణ్ణి. అది నిజమే. దానికోసం మాత్రం ఆర్పలేదు."

లోవలక్ష్మి తల ఎత్తలేదు. దారం వదల్లేదు.

"సెయ్యి తియ్యవే," అంది కొర్లమ్మ.

పాపను కోడలి చేతుల్లోకి మార్చి, ముసలామె తానే వంగింది. చీకట్లో వేళ్ళు వెతికాయి.

"నా కొడుకు ముడే. ఆడికి నేర్పింది నానే," అంది. "వల సిరిగితే ముడిప్పి మళ్ళీ కట్టాల. కొయ్యక్కర్లేదు బాబూ. ఇప్పడం నాకొచ్చు."

గోళ్ళతో మెల్లగా విప్పింది. చాలాసేపు పట్టింది. ఆ జానెడు దారాన్ని చెంగున మూటగట్టి, ముఖం అటు తిప్పుకుంది. "ఇంక నీ టేపు సుట్టు."

పైడిరాజు రాగి తీగలు కలిపి, టేపు బిగించి, కొత్త ఫ్యూజు పెట్టాడు. మీటరు వెలిగింది. నూకాలమ్మ ముందు ఎర్ర బల్బూ వెలిగింది. ఆ వెలుతురులో లోవలక్ష్మి ఏడుస్తోందని అతనికి తెలిసింది. చూడనట్టు పనిముట్లు సర్దుకున్నాడు.

"అమ్మేత్తావా అత్తా?"

"ఎలుగుతన్న బండి ఎవడమ్ముతాడే?" కొర్లమ్మ అతనివైపు తిరిగింది. "ఆదోరం ఇంటికి రా బాబూ. పులుసు పెడతాను."

"లైటు మళ్ళీ ఆరిపోతే వస్తాను..." అన్నాడు పైడిరాజు.

"బండి పాడైతేనే రావాలేటి? మార్కెట్లో ఆడోళ్ళకి నాను సెప్తాను, నానే పిలిసేనని."

పైడిరాజు లోవలక్ష్మిని చూశాడు. ఆమె స్టీరింగు వైపే చూస్తూ అంది. "పులుసులో కారం ఎక్కువేత్తాది మా అత్త. ఓర్సుకోగలిగితేనే రండి."

వ్యాను వానలోకి దిగింది. వెనక రెండు ఎర్ర దీపాలూ వెలుగుతున్నాయో లేదోనని పైడిరాజు రోడ్డు మీదికొచ్చి, తడుస్తూ చూశాడు. వెలుగుతున్నాయి. మలుపు దగ్గర బ్రేకు లైట్లు కూడా ఒకసారి మెరిశాయి. అక్కడ అడ్డం ఎవరూ లేరు, గొయ్యీ లేదు.

మళ్ళీ మెరిశాయి. పైడిరాజు తడుస్తూనే చెయ్యెత్తాడు.