వెనక సీటు బరువు

పిల్లలూ, ఈ కథ మీకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే గడిచిపోతుందనుకున్నాం. కానీ పెద్దాడు ఫోనులో సెకండ్ హ్యాండ్ బండ్ల బొమ్మలు తిరగేస్తున్నాడని, చిన్నది "ముందు నన్నే ఎక్కించుకోవాలి అన్నయ్యా" అని ఇప్పట్నుంచే మాట తీసుకుంటోందని తెలిశాక, ఇంక నోరు మూసుకుని కూర్చోవడం మంచిది కాదనిపించింది. హెల్మెట్టు పెట్టుకోమని, బ్రేకులు చూసుకోమని ఎవరైనా చెబుతారు. ఇది మాత్రం ఎవరూ చెప్పరు.

మీ పెద్దనాన్న కథ ఇది. అప్పటికి మీరింకా పుట్టలేదు.

పెద్దనాన్న కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేసేవాడు. వెంట్రుకవాసి తేడా కూడా ఓర్చుకోలేని మనిషి. ఇంట్లో గోడ మీద పటం కాస్త ఒరిగితే అన్నం ముందు నుంచి లేచి సరిచేసి వచ్చేవాడు. అలాంటి మనిషి పాత బండి కొంటానంటే మీ పెద్దమ్మ నవ్వింది. "మీకు పెళ్ళిచూపుల్లో నన్ను చూడ్డానికి కూడా ఇంత టైం పట్టలేదు" అంది, ఆయన ఎన్నో బండ్లు చూసి, ఎన్నో వదిలేసి, చివరికి ఒకటి తెచ్చిన రోజున.

బండి నిజంగానే బాగుంది. ఇంజను చప్పుడు వాగు పారినట్టు ఒక్క తీరుగా ఉండేది. అమ్మిన ఆయన బట్టల కొట్టు యజమాని, పెద్దగా మాట్లాడని మనిషి. వెనక సీటు మీద చెయ్యి వేసి చూపించాడు. గీత పడలేదు. వెనక కూర్చున్నవాళ్ళు కాళ్ళు పెట్టుకునే ఫుట్‌రెస్టుల రబ్బరు కూడా కొత్తదే.

"వెనక ఎవర్నీ ఎక్కించుకోలేదండీ. ఎక్కించుకునే వీలు లేకపోయింది" అన్నాడు.

పెళ్ళాం పిల్లలు లేరేమోలే, పాపం, అనుకున్నాడు పెద్దనాన్న.

తేడా మెల్లగా తెలిసింది. మొదట వెనక టైరు. ముందు టైరు నిక్షేపంలా ఉంటే, వెనకది మధ్యలో అరిగి నున్నగా అయింది. తర్వాత పెట్రోలు. ఒక్క మనిషి తిరిగే బండి ఇద్దరు తిరిగినంత తాగేది. ఆ పైన వెనక స్ప్రింగులు. దుకాణం నుంచి ఒంటరిగా వస్తున్నా, గుంటలో పడ్డప్పుడల్లా అడుగుకి తగిలి దబ్బుమనేవి.

మీ పెద్దనాన్న దాన్ని మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాడు. అందరూ అతన్ని బోల్టు అనేవాళ్ళు. ఏ జబ్బుకైనా ఒక బోల్టు బిగించి పంపిస్తాడని.

"స్ప్రింగులు కుంగిపోయాయి సార్. ఎప్పుడూ ఇద్దరెక్కే బండికి ఇలా అవుతుంది" అన్నాడు బోల్టు.

"అమ్మినాయన ఒక్కడే తిరిగేవాడట."

"అమ్మేవాడు నిజం చెబితే నేనీ కొట్టు మూసుకోవాలి." కొత్త స్ప్రింగులు వేసి, తనే ఎక్కి ఊగి చూశాడు. "ఇంక పరుపే. ఇంట్లో అక్కయ్య కూర్చున్నా కుంగదు. అక్కయ్యకి చెప్పకండి ఈ మాట."

వారం తిరక్కుండానే అవీ కుంగాయి.

ఇంకో సంగతి. సాయంత్రం బండి పెట్టేటప్పుడు వెనక ఫుట్‌రెస్టులు రెండూ మడిచేవాడు పెద్దనాన్న. పొద్దున తుడవడానికి వచ్చేసరికి ఎడమది తెరుచుకుని ఉండేది. ఎడమది ఒక్కటే. చీర కట్టుకున్నవాళ్ళు ఒక పక్కకి కూర్చుంటే కాళ్ళు పెట్టుకునేది అదే. బోల్టు తన అలవాటు ప్రకారం ఒక బోల్టు బిగించాడు. అయినా తెరుచుకునేది.

అనుమానం పెనుభూతం అంటారు కదా. దాన్ని ఇంట్లోకి రానివ్వకూడదని, పెద్దనాన్న ఈ ముక్క పెద్దమ్మకి చెప్పలేదు.

ఇక్కడ మీకొక విషయం చెప్పాలి. బండి నడిపేవాడికి వెనక ఎవరు ఎక్కారో చూడ్డానికి కళ్ళు అక్కర్లేదు. మనిషి కూర్చోగానే వెనక స్ప్రింగులు కిందికి దిగుతాయి. ఆ దిగడం నడుముకి తెలుస్తుంది. తెలియగానే చెయ్యి దానంతటదే క్లచ్చు వదులుతుంది. రోజూ భార్యనో బిడ్డనో ఎక్కించుకునేవాళ్ళు వెనక్కి తిరిగి చూడరు. పెద్దనాన్న కూడా అంతే. అన్నిటికీ రెండుసార్లు చూసుకునే మనిషి, ఇది ఒక్కటీ చూసుకునేవాడు కాదు.

వాళ్ళమ్మాయి, అంటే మీ అక్క, అప్పుడు చిన్నపిల్ల. ఎంత తిన్నా ఒళ్ళు చేసేది కాదు. అందుకే పిచ్చుక అనేవాళ్ళు. బొమ్మలు వేయడం నేర్పే టీచరు ఇంటి నుంచి దాన్ని సాయంత్రం తీసుకురావడం పెద్దనాన్న పని.

ఆ రోజు మధ్యాహ్నం నుంచే మబ్బు. పిచ్చుకని ఎక్కించుకునేసరికి వాన మొదలైంది. వీధిలో కరెంటు పోయింది. అప్పుడే దీపాలు పెట్టే వేళ, కానీ ఎక్కడా దీపం లేదు. కొట్లవాళ్ళు షట్టర్లు సగం దించి లోపల కొవ్వొత్తులు వెతుక్కుంటున్నారు. పెట్రోలు అయిపోవచ్చింది. జనరేటరు మీద నడుస్తున్న బంకు దగ్గర ఆగాడు.

"దిగమ్మా, పెట్రోలు పోయించుకుందాం."

పిచ్చుక దిగి రేకు కిందికి వెళ్ళి నిలబడింది. పెట్రోలు పోశారు. వెనక ఆటోవాడు హారను కొడుతున్నాడు. పెద్దనాన్న బండి ఎక్కి కాస్త ముందుకి జరిపి ఆగాడు. రేకు మీద వాన, చెవులు చిల్లులు పడేలా. వెనక స్ప్రింగులు దిగాయి. మెత్తగా, నిదానంగా.

"కూర్చున్నావా?"

"ఊఁ..."

చెయ్యి దానంతటదే క్లచ్చు వదిలేసింది.

చెరువు గట్టులా పొడుగ్గా, అటూ ఇటూ ఇళ్ళు లేని రోడ్డు అది. బండి లైటు వెలుగులో వాన తీగలు తీగలుగా కనబడుతోంది. అంతకు మించి ఏమీ కనబడదు.

"ఇవాళ ఏం బొమ్మ వేశావు?" అన్నాడు పెద్దనాన్న.

వానకి వినబడలేదేమో అనుకున్నాడు.

"చలేస్తోందా తల్లీ? దగ్గరికి జరుగు."

జరిగింది. వీపుకి ఆనుకుంది. తడిసిన చొక్కా లోంచి చల్లదనం వెన్నులోకి దిగింది. వానలో తడిసిన పిల్ల, చల్లగా ఉండదూ మరి, అని సర్దుకున్నాడు. అప్పుడు వాసన వచ్చింది. పెట్రోలు కాదు, వాన కాదు. పూలజాడీలో మార్చకుండా వదిలేసిన నీళ్ళ వాసన.

రెండు చేతులు ఆయన నడుము చుట్టూ వచ్చాయి.

పిచ్చుక ఎప్పుడూ చొక్కా అంచు పట్టుకునేది. దాని చేతులు చిన్నవి. నడుము చుట్టూ వేస్తే పక్కటెముకల దాకా వచ్చి ఆగిపోయేవి. "నాన్నా, నువ్వు లావు" అని నవ్వేది.

ఈ చేతులు ఆగలేదు...

ముందుకి వచ్చాయి. పొట్ట దగ్గర కలుసుకున్నాయి. వేళ్ళలో వేళ్ళు పెట్టుకుని బిగించాయి.

పెద్దనాన్న కిందికి చూడలేదు. అద్దంలో చూశాడు. అద్దంలో వాన. వెనక రోడ్డు. మధ్యలో ఎవరూ లేరు.

గుండె జారిపోయింది. ఆ చేతులకి కాదు. పిల్ల... పిల్ల ఎక్కడ?

బ్రేకు మీద కాలు వేశాడు.

"ఆగకు" అంది వెనక నుంచి. చెవి పక్కనే. బతిమాలుతున్నట్టుగా. "ఆగకు... పోనీ..."

ఆగాడు. బండి తిప్పాడు. ఎలా తిప్పాడో ఆయనకే తెలియదు. వచ్చిన దారినే పోయాడు. దారి పొడుగునా ఆ వేళ్ళు విడవలేదు. బంకు రేకు కనబడ్డాక మాత్రం ఒక్కొక్కటే వదులయ్యాయి. బరువు మాత్రం దిగలేదు.

పిచ్చుక అక్కడే ఉంది. పెట్రోలు పోసే అమ్మాయి దాన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, తన తువ్వాలు కప్పి, బిస్కట్టు పెట్టింది.

"ఏం మనిషివయ్యా నువ్వు" అంది ఆ అమ్మాయి. "గొంతు పోయేలా అరిచాను. సంచి మర్చిపోతారు, గొడుగు మర్చిపోతారు. పిల్లని మర్చిపోయినవాణ్ణి ఇవాళే చూశా."

పెద్దనాన్న మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల మొహం, చేతులు, కాళ్ళు తడిమి చూసుకున్నాడు. అద్దాలు పరీక్షించే చేతులవి.

"ఎందుకు ఎక్కలేదమ్మా?" అన్నాడు చివరికి.

"ఎక్కబోయా. చోటు లేదుగా."

"ఎందుకు లేదు?"

"నువ్వు ఎవర్నో ఎక్కించుకున్నావుగా" అంది పిచ్చుక. అలక గొంతులో. ఇంకో బిస్కట్టు తీసుకుంది.

బండి అక్కడే పడేసి రావొచ్చు కదా అని మీరంటారు. మీ పెద్దమ్మ కూడా ఆ తర్వాత అదే అంది. కానీ కష్టపడి కొన్న వస్తువుని దారిలో వదిలే రకం కాదు ఆయన. పైగా ఆ వానకి బంకు త్వరగా మూసేస్తున్నారు. "పోతే నా మెడకి చుట్టుకుంటుంది, తీసుకుపో" అంది ఆ అమ్మాయి. ఎక్కే ధైర్యం లేదు. అందుకని ఇంజను ఆపి, తోసుకుంటూ బయల్దేరాడు. లారీలు వచ్చే వైపు తను, రోడ్డు అంచున పిల్ల. మధ్యలో బండి.

తోస్తే తెలిసింది. ఒట్టి బండి ఎంత బరువుంటుందో ఆయనకి తెలుసు. ఇది ఒట్టి బండి కాదు. మనిషి కూర్చున్న బండి. టైరు రోడ్డుకి అతుక్కుపోతోంది. వాన తగ్గింది. చైను చప్పుడు, చెప్పుల చప్పుడు. ఆ వాసన.

ఇంటి ముందు చిన్న ఎత్తు ఉంది. అక్కడికి వచ్చేసరికి ఆయాసం తన్నుకొచ్చింది. హ్యాండిలు మీద తల వాల్చి, పిల్లకి వినబడకుండా గొణిగాడు. "దిగు... నీకు దణ్ణం పెడతాను. దిగిపో తల్లీ..."

బండికి అవతల పిచ్చుక కూడా ఏదో గుసగుసలాడుతోంది.

"ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నాడు.

"నీతో కాదు."

"మరి?"

"మీ నాన్న నన్ను దింపేస్తాడా అని అడుగుతోంది." పిచ్చుక సీటు వైపు చూస్తూ చెప్పింది. ఆడుకునే పిల్లలు ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పినట్టు. "పాపం కదా నాన్నా. వాన పడుతోంది. నాన్న దింపేస్తే నాతో వచ్చెయ్ అన్నా."

ఆయన నోరు తెరిచేలోపే బండి తేలికైంది.

ఒక్కసారిగా. తోస్తున్న బలానికి బండి ముందుకి ఉరికింది. ఆయన బోర్లా పడబోయి నిలదొక్కుకున్నాడు. స్ప్రింగులు పైకి లేచాయి. వాసన లేదు. బండికి అవతల పిచ్చుక ఒక్కతే నిలబడి ఉంది, జుట్టు నుంచి నీళ్ళు కారుతూ.

మెట్ల దగ్గర బండికి స్టాండు వేసి, బిడ్డని లోపలికి తీసుకెళదామని వంగి ఎత్తుకున్నాడు.

ఒక చేత్తో ఎత్తే పిల్ల. ఆ సాయంత్రం రెండు చేతులా ఎత్తాల్సి వచ్చింది.

పెద్దమ్మ తలుపు తీసి, తండ్రీకూతుళ్ళని చూసి, "ఇంతసేపా? ఏమైంది, ఆ మొహమేంటి అలా ఉంది?" అంది. ఆయన పిల్లని గట్టిగా పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. దింపితే ఏమవుతుందో తెలియదు. దింపకపోతే ఏమవుతుందో అదీ తెలియదు.

ఏమీ కాలేదు. జ్వరం కూడా రాలేదు పిచ్చుకకి. మర్నాటికి ఆ సంగతే మర్చిపోయింది. బండిని బోల్టు ఎక్కి చూసి "స్ప్రింగులు పువ్వుల్లా ఉన్నాయి సార్, మీకంతా భ్రమ" అన్నాడు. తర్వాత అతనే కొనుక్కుని, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఏళ్ళ తరబడి తిరిగాడు. ఒక్కనాడూ పేచీ పెట్టలేదు ఆ బండి.

మీ అక్క మీకు తెలుసు. ఎంత మంచిదో, ఎలా నవ్వుతుందో, మీరంటే ఎంత ప్రాణమో. ఇప్పటికీ సన్నగానే ఉంటుంది. వచ్చే సెలవుల్లో మీ దగ్గరికి వస్తోంది. మీ బండి ఎక్కుతానంటుంది. ఎక్కించుకోండి, వద్దనకండి, దాని మనసు నొప్పించకండి. కానీ జాగ్రత్తగా వినండి. అక్క కూర్చోగానే వెనక స్ప్రింగులు దిగుతాయి. అప్పుడే కదలకండి. ఆగండి. కాసేపటికి ఇంకోసారి దిగుతాయి. అప్పుడు గేరు వెయ్యండి. తొందరపడి ముందే పోతే, వెనక మిగిలిపోయేది ఎవరో, మీతో వచ్చేది ఎవరో మాకు తెలియదు.

ఈ మాట మీ తర్వాత బండి నడిపే వాళ్ళందరికీ చెప్పండి. అక్క చెవిన మాత్రం పడనివ్వకండి.