కంటిపాప రిపోర్టు

“ఆ మతిమరుపు నటనైతే కాల్చెయ్. నిజమైతే వదిలెయ్. పిచ్చివాణ్ణి ఎత్తుకుపోయి శత్రువులు ఏం చేసుకుంటారు?” చీఫ్ బ్రీఫింగ్ అంతటితో సరి.

ఏజెంట్ డేగ పిస్తోలుకు సైలెన్సర్ బిగించాడు. చీఫ్ మాట్లాడేది కోడ్ మాస్టారి గురించి. డేగకు ఈ విద్య నేర్పిన గురువు ఆయన. చీఫ్‌తో కలిపి ఏడుగురు గూఢచారుల అసలు పేర్లు, మారుపేర్లు ఆయన బుర్రలో తప్ప మరెక్కడా లేవు.

మధ్యాహ్నం మూడింటికి డేగ మెషీన్ మెకానిక్ వేషంలో కంటి క్లినిక్‌లో ఉన్నాడు. అక్కడి డాక్టరమ్మ మహా అందగత్తె. జీతం మన దగ్గర, గీతం శత్రువుల దగ్గర. మాస్టారిని సరిహద్దు దాటించడానికి ఆమె మనుషులు కింద కారుతో సహా సిద్ధంగా ఉన్నారు.

“మెషీన్ బాగైందో లేదో ఈయన మీదే చూస్తాను మేడమ్,” అన్నాడు డేగ, కంటి పరీక్షకని కూర్చోబెట్టిన మాస్టారిని చూపిస్తూ.

మాస్టారి గడ్డం స్టాండుకు ఆనించి, కంట్లోకి లైటు ఫ్లాష్ చేశాడు. ఆరోగ్యమైన కంటిపాప ఠక్కున ముడుచుకోవాలి. మాస్టారిది, మతిమరుపు జబ్బున్నవాళ్ళకు జరిగేట్టే, బద్ధకంగా కదిలింది. మాటల్లో ఎన్ని వేషాలైనా వేయొచ్చు గానీ కంటిపాప చేత నటింపజేయడం ఎవరి తరమూ కాదు. జబ్బు నిజమే. మాస్టారు బతికిపోయారు. డేగకు ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది.

“కొత్తగా చేరావా బాబూ?” అని అడిగారు మాస్టారు. పన్నెండేళ్ళు తన దగ్గర నేర్చుకున్న శిష్యుణ్ణి ఆయన గుర్తుపట్టలేదు.

డాక్టరమ్మ మెకానిక్‌ని లెక్కచేయకుండా రికార్డర్ నొక్కింది. “మాస్టారూ, పాఠం మొదలుపెట్టండి.”

మాస్టారు నిటారుగా కూర్చుని, ఎక్కాలు అప్పజెప్పినట్టు మొదటి పేరు, మారుపేరు, ఊరు గడగడా చెప్పేశారు. ఆ మొదటి పేరు చీఫ్‌దే.

డేగ చెయ్యి పిస్తోలు మీదికి పోయింది. ఈ జబ్బు ముందు నిన్నటిని తినేస్తుంది. ముప్ఫై ఏళ్ళ కిందటిదాన్ని చివరికి గానీ ముట్టుకోదు. ఆ సంగతి ఆఫీసులో ఒక్కడికీ తట్టలేదు.

సైలెన్సర్ దగ్గింది. డాక్టరమ్మ కుర్చీలోంచి జారిపడింది. డేగ రికార్డర్‌ను మడమతో నలిపేశాడు. మెట్ల మీద ఆమె మనుషుల బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. మాస్టారు మాత్రం రెండో పేరు ఎత్తుకున్నారు.

“ఆపండి మాస్టారూ. మీకు దణ్ణం పెడతాను.”

“పూర్తి చెయ్యనీ బాబూ. మధ్యలో ఆపితే మరిచిపోతాను.”

బయట ఎవరో తలుపు పిడి తిప్పారు. డేగ, మాస్టారు నేర్పినట్టే, రెండు కళ్ళూ తెరిచి ట్రిగ్గర్ నొక్కాడు. తర్వాత కిటికీలోంచి దూకేశాడు.

సాయంత్రం చీఫ్ రిపోర్టు చదివి ముఖం చిట్లించాడు. “జబ్బు నిజమేనని నువ్వే రాశావు. మరి పిచ్చివాణ్ణి ఎందుకు కాల్చావు?”

“ఆయన నన్ను పూర్తిగా మరిచిపోయారు సార్,” అన్నాడు డేగ. “మిమ్మల్ని మాత్రం మరిచిపోలేదు.”