చేతులు వెనక్కి కట్టుకో

ప్లేస్‌మెంట్ ఆఫీసులో కుర్చీలు అరగదీస్తున్నవాళ్ళారా, ఇదంతా మీ నిర్వాకమే!

మీ దేశం పిల్లలకు ముందే శిక్షణకు హాస్పిటల్ వార్డులు పంచేశారు. బయటి నుంచి వచ్చిన మా పన్నెండు మందికి మిగిలిందేదో చివర్లో విసిరారు. వాళ్ళు ఎనిమిది వారాలు పేషెంట్ల మధ్య తిరిగి పరీక్షకొచ్చారు. నేను మూడు వారాలు తిరిగి వచ్చాను. ఫెయిలయ్యాను. ఇంకొక్క అవకాశం, ఆరు రోజుల గడువు. అదీ పోతే కోర్సు పోతుంది, దాంతోపాటు వీసా పోతుంది. ప్రాక్టీసు చేసుకుంటాను, కాలేజీ వంటగది తాళం ఇవ్వండి అంటే, "ఫెయిలైనవాళ్ళకు బుకింగ్ లేదు" అన్నారు. తల బాదుకున్నాను.

వంటగది ఎందుకంటారా? నేను చదివేది ఆక్యుపేషనల్ థెరపీ. చెయ్యి పడిపోయిన మనిషి మళ్ళీ తన టీ తాను పెట్టుకోవాలి, తన గుండీలు తాను పెట్టుకోవాలి. మేం దారి చూపాలి. ప్రమాదమైతే తప్ప చెయ్యి పెట్టకూడదు. నేనేం చేశాను? పరీక్షలో ఒక పెద్దాయన చక్కెర డబ్బా మూత రాక అవస్థ పడుతుంటే, "అయ్యో పాపం" అని గబుక్కున తీసిచ్చేశాను. సూపర్‌వైజర్ మేడమ్ ఒకటే ముక్క రాసింది: "పేషెంటు పని ఇతనే చేశాడు."

తెలుగు మాట్లాడే సీనియర్ ఆ కాలేజీలో ఒక్కతే. ఏం చేసినా టైము చూస్తుందని అందరూ ఆమెను స్టాప్‌వాచ్ అంటారు. వానలో, బస్టాపులో, అడక్కుండా నా గొడుగు కింద దూరింది.

"నువ్వేనా ఆ అయ్యోపాపం?"

"పరిచయం లేనివాళ్ళతో ఇలాగేనా మాట్లాడేది?"

"పరిచయం తర్వాత. రేపు సాయంత్రం ఐదింటికి మా ఇంటికి రా. వంటగది ఉంది. పేషెంటుని నేనే. ఆలస్యమైతే తలుపు తీయను."

వెళ్ళాను. కుడిచెయ్యి చున్నీతో మెడకు కట్టేసుకుని, ఎడమచేత్తో పాలు ఒలకబోస్తూ నిలబడింది. నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. వేళ్ళ మీద చెంచాతో ఒక్కటిచ్చింది.

"ఫెయిల్. చేతులు వెనక్కి కట్టుకో."

"మీరు మనిషేనా?"

"పేషెంటుని. మర్యాదగా మాట్లాడు."

రెండో రోజు కప్పు ఎత్తలేనని ఏడ్చింది. బొటబొటా కన్నీళ్ళు. పరుగెత్తాను. టక్కున ఏడుపు ఆపేసి, "ఫెయిల్" అంది. మూడో రోజు తూలి ఒరిగింది. పట్టుకున్నాను.

"పడిపోతుంటే పట్టుకోవడం కూడా తప్పేనా?" అని అరిచాను.

"అది తప్పు కాదు. పట్టుకున్నాక వదలాలి. నిమిషం దాటి పది సెకన్లయింది."

వదిలాను. ఆమె పొయ్యి వైపు తిరిగింది, కానీ చెవులు ఎర్రబడటం నాకు కనిపించింది. ఆ రాక్షసి నాకు నచ్చిందని అప్పుడే అర్థమైంది. ఉన్న తలనొప్పులు చాలవన్నట్టు ఇదొకటి!

పరీక్షకు ముందురోజు రాయిలా నిలబడ్డాను. కేకలేసింది, కదల్లేదు. ఎడమచేత్తో కెటిల్ నుంచి వేడినీళ్ళు వంచబోయి, "అబ్బా! చెయ్యి కాలింది!" అంది. ఎన్ని నాటకాలు చూశాను నేను? నా థెరపిస్టు గొంతు తీశాను.

"ఇప్పుడు ఏం చేస్తే బాగుంటుందని మీరనుకుంటున్నారు?"

"నీ తల పగలగొడితే బాగుంటుంది! నిజంగా కాలిందిరా!"

"పేషెంటుకు కోపం మీద అదుపు తక్కువ" అని కాగితం మీద రాసుకున్నాను. దేవుడా, రాసుకున్నాను! తలెత్తి చూస్తే కట్టేసిన చేతి వేళ్ళు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. చున్నీ విప్పి, చెయ్యి కుళాయి కింద పెట్టి, ఇరవై నిమిషాలు పట్టుకున్నాను. ఈసారి ఆమె టైము చూడలేదు. క్లినిక్‌లో బొటనవేలికీ రెండు వేళ్ళకీ కట్టు కట్టారు.

"సారీ అండీ."

"ముట్టుకోవద్దన్నప్పుడల్లా ముట్టుకున్నావు. ముట్టుకోవాల్సినప్పుడు రిపోర్టు రాశావు. పో, రేపు పాసవ్వు" అని తలుపేసింది.

మర్నాడు పరీక్ష గదిలో మేడమ్ ఉంది, నేనున్నాను, పేషెంటు లేడు. పేషెంటుగా రావాల్సిన వాలంటీరుకు ఆఫీసువాళ్ళు తేదీ తప్పు చెప్పారు!

"వచ్చే టర్ములో చూద్దాం" అంది మేడమ్.

"అప్పటికి నాకు వీసా ఉండదు మేడమ్."

"నేనేం చేయను? నిజంగా ఇబ్బంది ఉన్న మనిషి కావాలి."

తలుపు తోసుకుని స్టాప్‌వాచ్ లోపలికి వచ్చింది. కట్టున్న చెయ్యి పైకెత్తింది. "ఈ చేత్తో పెన్ను కూడా పట్టుకోలేను. చాలా? పేషెంటు స్టూడెంటు కాకూడదని మీ రూల్సులో ఎక్కడా లేదు, చదివే వచ్చాను."

మేడమ్ కట్టు చూసింది, రూల్సు తిరగేసింది. "మొదలుపెట్టండి."

అదే చక్కెర డబ్బా. ఎడమచేత్తో తిప్పింది, డబ్బా మొత్తం తిరిగింది. పొట్టకు ఆనించింది, జారింది. కట్టున్న వేళ్ళు తగిలి పెదవి కొరుక్కుంది. ఇది నాటకం కాదు. నా వల్ల కాలిన చెయ్యి అది. వెనక నా చేతులు ఒకదాన్నొకటి నలిపేసుకుంటున్నాయి. తీసిచ్చేస్తే ఆమె నొప్పి ఆగుతుంది, నా చదువూ ఆగుతుంది.

"నొప్పిగా ఉంటే కాసేపు ఆగుదాం," అన్నాను. "డబ్బా కదలకుండా పట్టుకునేది ఈ గదిలో ఇంకేదైనా ఉందా?"

ఆమె నన్ను చూసింది, గదంతా చూసింది. డ్రాయరు లాగింది. అందులో డబ్బా నిలబెట్టి, తుంటితో డ్రాయరు నెట్టి బిగించింది. ఎడమచేత్తో తిప్పింది. మూత ఊడింది!

"పాస్," అంది మేడమ్.

వరండాలో ఆమెను ఆపాను.

"నువ్వంటే నాకిష్టం. చచ్చేంత చిరాకు కూడా."

"ఆ 'మీరు' ఎటు పోయింది?"

"ఇరవై నిమిషాలు కుళాయి కింద కొట్టుకుపోయింది."

నవ్వాపుకోవాలని చూసింది, ఆగలేదు. "నాకూ అంతే. చిరాకుతో సహా. మా అమ్మకు మాత్రం నువ్వే చెప్పాలి." ఎడమచేత్తో నంబరు నొక్కి ఫోను నా చేతిలో పెట్టింది. "అమ్మ టీచరు. క్లాసులో ఉంటే ఎత్తదు."

మోగుతోంది. ఎత్తడం లేదు. ఈలోగా ఆఫీసువాళ్ళారా, వినండి: మిగిలిన పదకొండు మందికి ఇవాళే ఆ వంటగది తాళం ఇవ్వండి. వచ్చే ఏడాది వార్డులు అందరికీ ఒకే రోజు పంచండి. మీరు తేదీ తప్పు చెప్తే మా వీసా పోకూడదు, అది కాగితం మీద రాసివ్వండి.

అత్తయ్యగారూ, మీరు ముందు ఆ ఫోనెత్తండి!