ఇవ్వడం ఒక్కటే నేర్చిన చెయ్యి

డ్రిల్లు మాస్టారు రిటైరై ఆరేళ్లయినా ఇంట్లో ఈల వేసినట్టే మాట్లాడతారు. ఆ ఉదయం కాఫీ కప్పు బల్ల మీద ఠంగుమని పెట్టి, "ఆ కోచ్ నంబరివ్వు. నాలుగు దులిపితే గానీ తెలిసిరాదు," అన్నారు.

నంబరివ్వాల్సిన కూతురు ఎదురుగా కూర్చుని మోకాలికి ఐసు సంచి కట్టుకుంటోంది. ఇంట్లో పిచ్చుక అని పిలుస్తారు గానీ ముప్పై రెండేళ్లున్నాయి. పన్నెండేళ్లుగా ఒకే క్లబ్బుకు బాస్కెట్‌బాల్ ఆడింది. పాయింట్ గార్డు. అంటే బంతిని ముందుకు తెచ్చి, ఎవరు ఖాళీగా ఉన్నారో కనిపెట్టి అందించే మనిషి. నిన్న సాయంత్రం లాకరు ఖాళీ చేసుకుని రెండు సంచులతో ఇంటికొచ్చింది. ఒప్పందం ఇక పొడిగించరట. మరో మూడు జట్లను అడిగితే వాళ్లూ మర్యాదగా వద్దన్నారు.

"దీనిలా పాస్ ఇచ్చే మనిషిని తెమ్మను చూద్దాం," మాస్టారు ఇంకా దిగిరాలేదు. "ఇన్నేళ్లూ అందరి చేతా బాస్కెట్లు వేయించింది. ఒక్కనాడూ స్వార్థానికి పోలేదు."

"అందుకే తీసేశారు నాన్నా."

ఆయనకు అర్థం కాలేదు. గుడ్లు వేయిస్తున్న తల్లికి అర్థమైనట్టుంది, స్టవ్ ఆపేసింది.

"నేను షాట్ వెయ్యనని అన్ని జట్లకీ తెలిసిపోయింది. నన్ను గాలికొదిలేసి, మిగతా నలుగుర్నీ ఐదుగురు కాస్తున్నారు. ఇంక బంతి ఎవరికని ఇవ్వను?"

"ఖాళీ దొరికితే నువ్వే వెయ్యొచ్చుగా?"

నోరు జారాక గానీ తనేమన్నారో మాస్టారికి తెలియలేదు. పిచ్చుక నవ్వింది. ఆ నవ్వు చూడలేక ఆయన కిటికీవైపు తిరిగారు.

"ఆఖరి మ్యాచ్‌లో రింగు కింద ఒక్కదాన్నే ఉన్నాను. అయినా వెనక్కి పాస్ ఇచ్చాను. అక్కడెవరూ లేరు, బంతి బయటికి పోయింది. ఎనిమిదేళ్లప్పటినుంచీ చెప్పావుగా, బంతి నీది కాదు, జట్టుదని. ఈ చేతికి ఇంకోటి తెలీదు."

"ఆ బస్సు సంగతి చెప్పండి," అంది తల్లి.

"ఇప్పుడెందుకే?"

"ఇంకెప్పుడు? దాని ఆట అయిపోయి ఇంట్లో కూర్చుంది."

మాస్టారు కిటికీవైపు చూస్తూనే చెప్పారు. ఇరవై రెండేళ్లప్పుడు ఆయనా ఆడారు. ఓ మ్యాచ్ చివరి క్షణంలో, పక్కన ఖాళీగా ఉన్నవాడికి ఇవ్వకుండా తనే వేశారు. తప్పింది, జట్టు ఓడిపోయింది. తిరుగు ప్రయాణం ఆరు గంటలు. బస్సులో ఒక్కడంటే ఒక్కడు ఆయనతో మాట్లాడలేదు. మళ్లీ జట్టులోకి పిలవనూ లేదు.

"అలాంటి బస్సులో నువ్వు కూర్చోకూడదనుకున్నానమ్మా."

"ఇన్నాళ్లూ అది ఆట ధర్మం అనుకున్నాను." ఆమె గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "నీ భయమా నాన్నా?"

ఆయన తలూపారు. వందలమంది పిల్లల్ని గడగడలాడించిన మనిషి భుజాలు కుంగిపోయి ఏడ్చారు. పిచ్చుక కుంటుకుంటూ వచ్చి పక్క కుర్చీలో కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. ప్రేమకొద్దీ చేసిన పాడుపనికి ఎవర్నని తిట్టాలి?

"ఇప్పుడైనా నేర్చుకుంటే..." అన్నారాయన, చిన్నపిల్లాడిలా.

"ఈ మోకాలు ఇంకో ఏడాది కూడా ఆడనివ్వదు." ఐసు సంచి విప్పి పక్కన పెట్టి, "ఒక్కటి మాత్రం చెప్పు నాన్నా. నేను వేసుంటే పడేవా?" అని అడిగింది.

పడేవి కావంటే ఆమెకు కాస్త ఊరట. ఆ సంగతి మాస్టారికీ తెలుసు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఎనిమిదేళ్ల పిల్ల పెరట్లో, తన రెండు చేతుల్లో పట్టని బంతిని పదిసార్లు విసిరితే ఏడుసార్లు రింగులో పడటం ఆయన కళ్లారా చూశారు. చూసి మురిసిపోయి, ఆ వెంటనే ఆ బస్సు గుర్తొచ్చి హడలిపోయి, మర్నాటినుంచే షాట్లు మాన్పించారు.

"పడేవమ్మా," అన్నారు.

నిన్నటినుంచీ ఒక్క కన్నీటిచుక్క రాల్చని పిచ్చుక, తండ్రి భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.