ఉమ్మడి వాటా

సత్యవాణి పెసరట్లు వేస్తోందన్న మాటే గాని, చెవులు రెండూ హాల్లోనే ఉన్నాయి. హైదరాబాదు నుంచి మరిది వెంకటరత్నం పొద్దున్నే నిడదవోలు స్టేషన్లో దిగాడు. ఇప్పుడు అన్నగారు గున్నేశ్వరరావు పక్కన కూర్చుని టిఫిను తింటున్నాడు.

ఇక్కడి బట్టల కొట్టు అన్నగారిది, హైదరాబాదులో స్టీలు సామాన్ల కొట్టు తమ్ముడిది. ఊళ్ళు వేరైనా ఉమ్మడి ఒకటే. ఒక ఊళ్ళో దెబ్బ తగిలితే రెండో ఊరు ఆదుకోవాలని మామగారు పెట్టిన కట్టుబాటు. ఇంట్లో కొత్తగా సంపాదన మొదలుపెట్టినవాళ్ళు మొదటి జీతం తెచ్చి, అన్నదమ్ములిద్దరి ఎదుటా దేవుడి దగ్గర పెట్టాలి. అప్పటినుంచి వాళ్ళూ ఉమ్మడిలో మనుషులే, అవసరం పడితే వాళ్ళ సంపాదనా ఉమ్మడికే.

కరోనా ఏడాది వెంకటరత్నం పెళ్ళాంబిడ్డలతో ఇక్కడే తలదాచుకున్నాడు. మూతపడ్డ అతని కొట్టుకి అద్దె కూడా ఇక్కణ్ణుంచే వెళ్ళింది. ఇప్పుడు వంతు ఇటు తిరిగింది. తుఫానుకి కోతకొచ్చిన చేలన్నీ పడిపోయాయి. రైతు చేతిలో డబ్బాడకపోతే బట్టల కొట్టు గుమ్మం ఎక్కేదెవరు? పాత సరుకు కదలదు, కొత్త సరుకు వెయ్యడానికి చేతిలో ఏమీ లేదు.

"సరుకు సంగతి ఏమాలోచించావురా?" గున్నేశ్వరరావు మొహమాటపడుతూనే అడిగాడు.

"సరుకెందుకన్నయ్యా! కొట్టు ఎత్తేసి మీరిద్దరూ మా దగ్గరికి వచ్చేయండి. మా వీధి చివర షోరూములో నీకు ఉద్యోగం మాట్లాడాను. ఏసీలో ఉండొచ్చు."

సత్యవాణికి ఒళ్ళు మండిపోయింది. స్టవ్వు కట్టేసి హాల్లోకి వచ్చింది.

"ఈ వయసులో ఆయన ఇంకొకడి కొట్లో చీరలు మడతపెట్టాలా? కరోనాలో నీ కొట్టు ఎత్తేసి ఇక్కడే ఉండిపొమ్మని మేం అన్నామేంటయ్యా?"

"అప్పటి రోజులు వేరు వదినా."

"ఏం వేరు? అప్పుడు మునిగింది నువ్వు, ఇప్పుడు మునిగింది మేము. అంతేగా!"

వెంకటరత్నం తల దించుకున్నాడు. "ఇవాళ నేనిస్తాను. రేపు నేను మళ్ళీ పడితే నాకిచ్చేదెవరు?"

"అదేంట్రా, మా వినయ్ లేడూ!" గున్నేశ్వరరావు నవ్వేశాడు. "బెంగళూరులో ట్రైనింగు కాగానే మొదటి జీతం తెచ్చి మనిద్దరి ముందే పెడతాడు."

సత్యవాణి చప్పున తలెత్తింది. మరిది తనవైపు చూస్తున్నాడు.

"వాడికి జీతం వస్తూ ఏడాదైందన్నయ్యా. అక్కడే ఫ్లాటు కూడా కొంటున్నాడు. ఉమ్మడి సంగతేంట్రా అనడిగితే, అమ్మ వద్దంది బాబాయ్ అన్నాడు."

గున్నేశ్వరరావు భార్య ముఖంలోకి చూశాడు. ఆ చూపు ఆమె తట్టుకోలేకపోయింది.

"వాడి జీతమైనా వాడికి మిగలనీ అనుకున్నానండీ," అంటూ ఏడ్చేసింది. "ఇటే అవసరం పడుతుందని కలగన్నానా!"

"మిమ్మల్ననే నోరు నాకూ లేదు వదినా," అన్నాడు వెంకటరత్నం. "మా అమ్మాయి చిన్ని పుణెలో ఉద్యోగంలో చేరినప్పుడు నేనూ అదే చెప్పాను. నీ జీతం నీ దగ్గరే ఉంచుకోమ్మా అని."

ఇద్దరూ ఎవరి పిల్లల్ని వాళ్ళు దాచుకున్నారు. పిల్లలు ఏ ఊరైనా వెళ్ళి బతకగలరు, ఈ రెండు ఊళ్ళ ఉమ్మడికి కట్టుబడి ఉండక్కర్లేదు. ఈ సంగతేదీ తెలియక ఉమ్మడిని నమ్ముకుని కూర్చున్నది ఆ ఇంట్లో గున్నేశ్వరరావు ఒక్కడే.

వెంకటరత్నం అన్న చెయ్యి పట్టుకున్నాడు. "ఈసారికి సరుకు నేను వేయిస్తానన్నయ్యా. మనిద్దరం ఉన్నన్నాళ్ళూ..."

"వద్దురా." గున్నేశ్వరరావు మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు. "నీకిచ్చేవాళ్ళు నా వెనకాల ఉన్నారన్న ధైర్యంతోనే ఇందాక నిన్ను సరుకు అడిగాను. ఇప్పుడు తీసుకుంటే అది అడుక్కోవడం అవుతుంది."

సత్యవాణి ఆయన కాళ్ళ దగ్గర కూలబడిపోయింది. ఆయన ఆమె తలమీద చెయ్యి వేసి, తమ్ముడి వైపు తిరిగాడు.

"ఆ షోరూమువాళ్ళు ఎప్పట్నుంచి రమ్మన్నార్రా?"