తాళాలున్నవాళ్లదే చాకిరీ

పొట్టి ఇంకా మొహం కడుక్కుంటూనే ఉంది, ఫోన్ మోగింది. సెలవురోజు పొద్దున్నే ఫోన్ చేసేవాళ్లకు ఆమెతో పని ఉండదు, కారుతో ఉంటుంది.

"పొట్టీ, పిన్ని వాళ్ల కుట్టుమిషను మా ఇంటికి చేర్చాలే. మీ వదిన కుట్లు నేర్చుకుంటుందట. అలాగే అమ్మని కూడా తీసుకొచ్చెయ్," అన్నాడు అన్నయ్య.

"నీ కారు ఏమైందన్నయ్యా?"

"అయ్యో, కొత్త సీట్లే! గీసుకుపోవూ?"

ఇంట్లో అందరికీ ఆమె పొట్టి. మనిషి ఎత్తు పెరిగింది గానీ పేరు పెరగలేదు. కారు పేరు ముసలాయన. పోయిన నాన్న కొన్న కారు. ఆయన చూపు మందగించాక బాబాయికి, బాబాయి నడుం పట్టేశాక అన్నయ్యకు, అన్నయ్య కొత్తది కొన్నాక పొట్టికి వచ్చింది. ఇచ్చిన ప్రతివాళ్లూ నెత్తిన కిరీటం పెట్టినట్టే ఇచ్చారు. కిరీటంతో పాటు ఒక కట్టడి కూడా వచ్చేది. తాళాలు ఎవరి దగ్గరుంటే చాకిరీ వాళ్లది. స్టేషనుకైనా ఆస్పత్రికైనా, చుట్టాల్లో ఎవరు పిలిచినా కాదనకూడదు. కాదంటే పైనున్న నాన్న బాధపడతాడట. కొత్త కారు మాత్రం ముసుగేసుకుని హాయిగా నిద్రపోతుంటుంది. దానికి నాన్న పట్టింపు లేదు.

పొట్టి కళ్లజోళ్ల షాపులో అద్దాలు చెక్కుతుంది. ఆమె చెక్కిన అద్దం ఫ్రేములో వెంట్రుకవాసి కదలదు. యజమాని వేరే ఊళ్లో ఇంకో షాపు తెరుస్తూ, దాన్ని నువ్వే చూసుకోమన్నాడు. ఈ సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చి చెప్పాలి, లేకపోతే ఇంకొకర్ని చూసుకుంటాడు. రాత్రి అమ్మతో చెబితే "చూద్దాంలే" అని అటు తిరిగి పడుకుంది. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

కుట్టుమిషను పక్క సీట్లో ఎక్కించారు. వెనక సీట్లో పిన్ని ఇచ్చిన బట్టల మూటలు, వాటి మధ్య అమ్మ. అన్నయ్య ఇంటిముందు ఆగగానే అమ్మ దిగి, ఏదో ఆలోచిస్తూ నేరుగా లోపలికి వెళ్లిపోయింది. పొట్టి కూర్చున్న చోటే ఉండిపోయింది. ముసలాయనకి డ్రైవరు వైపు తలుపు లోపల్నుంచి తెరుచుకోదు. పక్కన కూర్చున్నవాళ్లు దిగి, చుట్టూ తిరిగొచ్చి తెరవాలి. ఇవాళ పక్క సీట్లో ఉన్నది కుట్టుమిషను, అటునుంచి దిగే దారీ లేదు. బాగుచేయిద్దామంటే "అలవాటైపోయిందిగా" అంటారు. కిటికీ అద్దం నాలుగు వేళ్లు దిగి ఆగిపోతుంది. హారన్ కొడితే ముక్కు దిబ్బడ వేసినట్టు చిన్న చప్పుడొచ్చింది.

ఇంటి కిటికీ మాత్రం తెరిచే ఉంది.

"వేరే ఊరు వెళ్తుందటరా," అమ్మ గొంతు.

"ఎక్కడికి పోతుందమ్మా? ముసలాయన దాని దగ్గరున్నాడుగా!" అన్నయ్య నవ్వాడు.

పొట్టికి ఒళ్లు మండిపోయింది. పిలుద్దామని ఫోన్ తీసి, బుద్ధి పుట్టక మళ్లీ పెట్టేసింది. ఎండ ఎక్కుతోంది. మెడ వెనక చెమట కారుతోంది. తన బతుకంతా ఇలాగే, ఎవరో గుర్తుపెట్టుకుని వచ్చి తలుపు తీసేదాకా స్టీరింగు పట్టుకుని కూర్చోవాల్సిందేనా అనుకుంది. ఏడుపొచ్చింది.

కాసేపటికి అన్నయ్య మిషను దింపుకోవడానికి వచ్చాడు. "ఇంకా దిగలేదేం?" అంటూ తలుపు తీశాడు.

పొట్టి దిగి తాళాలు అతని ముందుకు చాచింది. "తీసుకో. నేను వెళ్తున్నాను."

"నాకెందుకే? రెండో కారు ఎక్కడ పెట్టను?"

"అమ్మెయ్."

"నాన్న కారు అమ్మడమా! నోరెలా వచ్చిందే నీకు?"

"నాన్న మీద అంత ప్రేమున్నవాడివి నువ్వే నడపొచ్చుగా? నీకేమో బరువు దిగింది, నాకేమో మెడకి గుదిబండ అయింది. ఇన్నాళ్లలో ఒక్కసారైనా, పొట్టీ, నీకెక్కడికైనా వెళ్లాలనుందా అని అడిగావా?"

"కుటుంబం అన్నాక తలో చెయ్యీ వెయ్యాలి."

"తలో చెయ్యీ కాదన్నయ్యా. ఎప్పుడూ నా చెయ్యే!"

గుమ్మంలోకి అమ్మ వచ్చింది. "వాణ్ణి అనకే," అంది మెల్లగా. "పొట్టికే ఇవ్వరా అని వాడికి చెప్పింది నేను."

పొట్టి తిరిగి చూసింది.

"కారు నీ దగ్గరుంటే నువ్వు నా దగ్గరుంటావనుకున్నాను. నడవగలిగి కూడా ఎన్నిసార్లు ఆస్పత్రికి కారులో తీసుకెళ్లమన్నానో! నువ్వు పక్కనుంటావన్న ఆశ. రాత్రి నువ్వు చెబుతుంటే సంతోషపడాల్సింది పోయి, అమ్మయ్య, కారుందిగా, ఎలా వెళ్తుందిలే అనుకున్నానే. కన్నతల్లిని, అలా అనుకున్నాను." కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పొట్టికి కోపం రావాల్సింది, రాలేదు. "అడిగితే ఉండేదాన్నేమోనమ్మా," అంది.

"అందుకే అడగను," అంది అమ్మ. కూతురి చేతిలోంచి తాళాలు తీసుకుని బొడ్లో దోపుకుంది.

"నువ్వేం చేసుకుంటావమ్మా?" అన్నాడు అన్నయ్య, బిత్తరపోయి.

అంతలో పొట్టి ఫోన్ మోగింది. బాబాయి. అమ్మ అందుకుంది. "రేపు స్టేషనుకా? తాళాలిప్పుడు నా దగ్గరే ఉన్నాయయ్యా. తప్పకుండా నేనే రావాలి, కాదనను. కాకపోతే నాకు కారు నడపడం రాదు. నేర్చుకున్నాక కబురు చేస్తాలే. అందాకా ఆటో ఎక్కు."

వెనకనుంచి వదిన కిసుక్కున నవ్వి, "ఏమండీ, రేపట్నుంచి కొత్త కారు ముసుగు తీసేయండి," అంది. అన్నయ్య అమ్మ వంకా, చెల్లెలి వంకా చూసి, "మూటలివ్వవే పొట్టీ, ఎండలో ఎంతసేపుంటావు," అన్నాడు తగ్గి.

అమ్మ ఫోను కూతురికిచ్చింది. "మీ యజమానికి చెప్పు. నేను బస్సెక్కి వస్తాను, నిన్ను చూడ్డానికి. వారంవారం మాత్రం రాను, బెంగపడకు."

పొట్టి నంబరు నొక్కింది.

"ఏమ్మా, ఏం తేల్చావు?" అన్నాడు యజమాని అవతల్నుంచి.

పొట్టి అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వస్తున్నానండీ," అంది.