తోక రాసిన నాలుగు ముక్కలు

అన్నయ్య వీడియో రెడీ చేసేశాడు. ఇక టైటిల్ ఒక్కటే మిగిలింది. అది ఎప్పుడూ చెల్లెలి పనే.

ఆదివారం మధ్యాహ్నం. అమ్మ పడుకుంది. వంటింట్లో బల్ల దగ్గర ఇద్దరూ ఒకే ఫోన్ మీద తలలు వంచి కూర్చున్నారు.

చెల్లెలికి పదకొండేళ్లు. ఇంట్లోనూ బళ్లోనూ అందరూ తోక అనే పిలుస్తారు. ఏ మాటకైనా ఒక తోక తగిలించందే తనకి నిద్రపట్టదు మరి. కుక్క మొరిగితే "కరవబోయింది" అంటుంది. మిస్ గట్టిగా మాట్లాడితే "ఇవాళ మిస్ కొట్టినంత పని చేసింది" అంటుంది. ఆ పేరు పెట్టినవాళ్లు ఊరికే పెట్టలేదు.

వీడియో మిషనత్త గురించి. వీధి చివర చిన్న గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుట్టే ఆవిడే మిషనత్త. ఎవరికీ చుట్టం కాదు గానీ పిల్లలందరికీ అత్తే.

బట్ట కత్తిరించాక ముక్కలు మిగులుతాయి కదా. అత్త వాటిని చేతిలో పట్టుకుని, బట్ట ఇచ్చినవాళ్లని అడుగుతుంది, "ముక్కలు మీకేమైనా పనికొస్తాయా?" అని. అక్కర్లేదంటేనే తన బుట్టలో వేసుకుంటుంది. తీరిక దొరికినప్పుడు వాటిని అతికి చిన్న చిన్న సంచులు కుడుతుంది. బడి పిల్లలకి ఊరికే ఇచ్చేస్తుంది. తోక పెన్సిళ్ల సంచీ కూడా అలా వచ్చిందే. అందులో ఆరు రకాల బట్టలున్నాయి, లోపల రబ్బరుకి విడిగా ఒక జేబు కూడా ఉంది.

"'మిగిలిన ముక్కలతో సంచులు' అని పెట్టేద్దామా?" అన్నాడు అన్నయ్య.

"అలా పెడితే నువ్వూ నేనూ అమ్మా చూస్తాం. అమ్మ కూడా సగంలో నిద్రపోతుంది."

తోక కాసేపు పెన్సిల్ కొరికింది. తర్వాత టకటకా టైప్ చేసింది.

"మీ బట్టలో మిగిలిన ముక్కల్ని ఈ టైలర్ ఏం చేస్తుందో తెలిస్తే షాకవుతారు."

దానికి బొమ్మ కూడా తనే ఎంచింది. అత్త కత్తెర పట్టుకుని పక్కకి చూస్తున్న బొమ్మ. ముక్కల బుట్ట చుట్టూ ఎర్రగా ఒక సున్నా చుట్టింది.

అన్నయ్య తల గోక్కున్నాడు. "అత్త ఏదో దొంగతనం చేసినట్టు లేదూ?"

"వీడియో చూస్తే తెలిసిపోతుందిగా. ఇందులో ఒక్క ముక్క అబద్ధం ఉందేమో చూపించు."

అన్నయ్య రెండుసార్లు చదివాడు. నిజంగానే ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. అంత తెలివిగా రాసింది తోక. అన్నయ్య బటన్ నొక్కేశాడు.

అంతకు ముందు వాళ్లు పెట్టిన వీడియోని ముప్పై ఒక్కమంది చూశారు. ఇది సోమవారానికి రెండు వేలు దాటింది. బుధవారానికి నలభై వేలయింది. బళ్లో తోక కాళ్లు నేలమీద ఆనలేదు. పక్క సెక్షన్ పిల్లలు కూడా వచ్చి తమకీ టైటిల్ రాసిపెట్టమని అడిగారు.

కింద జనం రాసిన మాటలు అన్నయ్య పైకి చదివాడు. "ఈ టైలర్లందరూ ఇంతే." "నా చొక్కాలు ఎందుకు బిగుతవుతున్నాయో ఇప్పుడర్థమైంది." తోక పడీ పడీ నవ్వింది.

"ఇదొకటి చూడు," అన్నాడు అన్నయ్య. "చాలామంది పది సెకన్లకే ఆపేశారు. సంచులు నాలుగో నిమిషంలో కదా వచ్చేది."

"ఆపితే ఆపనీ. లెక్కలోకి వచ్చారుగా," అంది తోక.

బుధవారం బడి వదలగానే తోక మిషనత్త దగ్గరికి పరుగెత్తింది. నలభై వేలని తనే ముందు చెప్పాలని ఆరాటం. గది దగ్గరికి వచ్చేసరికి మిషన్ చప్పుడు లేదు.

లోపల ఒకావిడ నిలబడి ఉంది. "ఏమనుకోకు గానీ, నా బట్ట ఒకసారి నా ముందే కొలిచి చూపించు," అంటోంది.

మిషనత్త మెడలో టేపు తీసి కొలిచింది. మూడు మీటర్లు. ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. ఆవిడ బట్టని మడతపెట్టి సంచీలో వేసుకుంది.

"కుట్టొద్దా?" అంది అత్త.

"మళ్లీ ఇస్తాలే," అని ఆవిడ వెళ్లిపోయింది.

"పొద్దున్నుంచి ఈవిడ మూడోది," అంది అత్త తోకతో. "పద్దెనిమిదేళ్లలో నన్ను బట్ట కొలిచి చూపించమన్నవాళ్లు లేరు. అందరికీ ఒక్కసారే ఏం పట్టిందో."

నలభై వేల సంగతి చెప్పకుండా తోక గోడకేసి చూసింది.

గోడకి వరసగా మేకులున్నాయి. ఒక్కో మేకుకి ఒక్కో తరగతి కొలతల కాగితాలు వేలాడుతున్నాయి. ఏటా తోక వాళ్ల బడికి యూనిఫాంలు కుట్టేది మిషనత్తే. ఆ పనితోనే ఆమెకి ఏడాది గడుస్తుంది. ఈ వారమే బడి నుంచి బట్ట రావాలి. అత్త నేల తుడిచి, చాప పరిచి, చోటు కూడా ఖాళీ చేసిపెట్టింది.

అప్పుడే బడి క్లర్కు గుమ్మంలోకి వచ్చాడు. ఉత్త చేతులతో వచ్చాడు.

"బట్ట ఏదండీ?" అంది అత్త.

ఆయన చెప్పులు కూడా విప్పలేదు. "ఈసారి వేరే షాపుకి ఇచ్చేశారమ్మా. పేరెంట్స్ ఎవరైనా అడిగితే మాకెందుకీ తలనొప్పి అన్నారు పెద్ద మేడమ్."

"ఏమని అడుగుతారు?"

"అదే, ఆ వీడియో గురించి."

"అందులో తప్పేం లేదు సార్," అంది తోక. "మేడమ్ వీడియో చూశారా?"

"మేడమ్‌కి అంత తీరికెక్కడిదమ్మా? టైటిల్ చూశారు."

మిషనత్తది మామూలు బటన్ ఫోను. టైటిల్ సంగతే ఆమెకి తెలియదు. ఏముందో చదవమంది. క్లర్కు తన ఫోన్ తీసి చదివాడు. చదువుతూ కొంచెం సిగ్గుపడ్డాడు. తర్వాత పని ఉందంటూ వెళ్లిపోయాడు.

"పిల్లలు వీడియో తీస్తామంటే మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నాను," అంది అత్త. "ఆ మాట ఎవరు రాశారు?"

అన్నయ్య మీదికి తోసేయొచ్చని తోకకి ఒక్క క్షణం అనిపించింది. కానీ అత్త సూటిగా తనకేసే చూస్తోంది.

"నేనే అత్తా. కానీ అందులో అబద్ధమేం లేదు."

"లేదు. అదే కదా," అంది అత్త. "నన్ను దొంగ అని రాసి ఉంటే కాదని పోట్లాడేదాన్ని. నువ్వలా రాయలేదు. ఇప్పుడు నేను వెళ్లి దేన్ని కాదనాలి?"

తోకకి ఏడుపు వచ్చేసింది. అత్త ఓదార్చలేదు. ఎందుకు ఓదార్చాలి? మేకులకున్న కాగితాలు ఒక్కొక్కటే తీసి, చుట్టి, రబ్బరు బ్యాండు వేసింది.

"నేనూ ముక్కలే అతుకుతాను," అంది అటు తిరిగే. "నువ్వు అతికినవి చూడు ఎలా ఉన్నాయో. ఇంటికి వెళ్లు."

ఇంటికి వెళ్లగానే తోక అన్నయ్యతో ఆ వీడియో తీసేయించింది. కానీ టైటిల్ ఫొటోలు అప్పటికే అందరి ఫోన్లలోకీ వెళ్లిపోయాయి. వాటిని తీసేయడానికి ఏ బటనూ లేదు.

తర్వాత ఇద్దరూ ఇంకో వీడియో తీశారు. అందులో తోకే కూర్చుని జరిగింది చెప్పింది.

"'వెక్కి వెక్కి ఏడ్చిన చెల్లెలు, కారణం తెలిస్తే తట్టుకోలేరు' అని పెడదామా?" అన్నాడు అన్నయ్య. "అత్త కోసమేగా. లక్షమంది చూస్తారు."

తోక వేళ్లు ఫోన్ మీద ఆగాయి. లక్షమంది మాట నిజమే. తనకి ఆ సంగతి అన్నయ్య కన్నా బాగా తెలుసు.

"వద్దు," అంది. తనే టైప్ చేసింది. "మిషనత్త ఏ తప్పూ చేయలేదు. టైటిల్ తప్పుగా రాసింది నేను."

దాన్ని యాభై ఎనిమిదిమంది చూశారు.

అమ్మ తోకని వెంటబెట్టుకుని పెద్ద మేడమ్ దగ్గరికి కూడా వెళ్లింది. మేడమ్ అంతా విన్నారు. "పాపం, నాకు తెలియదు," అన్నారు. "కానీ అక్కడ బట్ట కత్తిరించేశారు కదా. వచ్చే ఏడాది చూద్దాం."

వచ్చే ఏడాది దాకా మిషనత్త ఎలా ఆగుతుంది? గదికి తాళం పడింది. ఇప్పుడామె ఒక ఫ్యాక్టరీలో చొక్కాలకి కాలర్లు కుడుతోంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క కాలర్లే. అక్కడ మిగిలిన ముక్కలు లెక్కపెట్టి వెనక్కి తీసుకుంటారట. దారిలో కనిపిస్తే తోకని పలకరిస్తుంది గానీ ఆగదు.

నెల తర్వాత ఒక రోజు బడి వదిలారు. గేటు దగ్గర ఒకటో తరగతి పిల్ల తోక పెన్సిళ్ల సంచీ పట్టుకుని చూసింది.

"అక్కా, ఇది నాక్కూడా కావాలి. ఎవరు కుట్టారు?"

"మిషనత్త. మనం అక్కర్లేదన్న ముక్కలతో కుట్టింది."

"ఆవిడ దొంగ కదా? మా అమ్మ చెప్పింది."

తోక సంచీలోంచి పెన్సిళ్లు తీసి జేబులో పెట్టుకుంది. ఖాళీ సంచీ ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"మీ అమ్మ ఎక్కడ?"

గేటు బయట ఆ పిల్ల తల్లి ఫోన్ చూస్తూ నిలబడి ఉంది. తోక వెళ్లి ఆమె ముందు నిలబడింది.

"ఆంటీ, ఒక్క నిమిషం. మిషనత్త ఎవరి బట్టా తీసుకోలేదు. అడిగి, అక్కర్లేదన్న ముక్కలే ఉంచుకునేది. తప్పుగా అర్థమయ్యేట్టు రాసింది నేనే."

"ఆహా, అలాగా," అంది ఆమె. నమ్మిందో లేదో తెలియలేదు. పిల్ల చేయి పట్టుకుని వెళ్లిపోయింది.

నలభై వేలమందిలో తోక ఇప్పటికి ఎదురుగా నిలబడి చెప్పగలిగింది ఇరవై ముగ్గురికి.

గేటు దగ్గర ఇంకో తల్లి వచ్చి నిలబడింది. తోక ఆమె దగ్గరికి నడిచింది.